పద్యం వచ్చింది సరే, తాత్పర్యం?

ఏడో తరగతి తెలుగు ప్రశ్నపత్రం ఎప్పుడైనా తీరిగ్గా కూర్చుని చూశారా? మన రోజుల్లోలాగా ప్రతిపదార్థం, సందర్భసహిత వ్యాఖ్య అంటూ మొదలవదు ఇప్పుడు. ‘అవగాహన – ప్రతిస్పందన’ అని పైన ఉంటుంది. కింద ఒక పేరా ఇస్తారు. అది పాఠంలోది కాదు, పిల్లలు ఎప్పుడూ చూడనిది. దాన్ని చదివి నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఇంకో చోట ఒక పేరా ఇచ్చి, ప్రశ్నలు కూడా మిమ్మల్నే తయారుచేయమంటారు. నాకైతే ఇది భలే నచ్చింది. అడగడం వచ్చినవాడికి చదవడం వచ్చినట్టే కదండీ.

కానీ పిల్లలు దీన్ని ఎలా దాటేస్తున్నారో చూడండి. సెలవుల్లో మా పిల్లాడితో పాటు వీధిలో ఇంకో ఐదుగురు మా వరండాలో కూర్చుంటారు, ఆరు నుంచి ఎనిమిది దాకా చదివేవాళ్ళు. ‘ఎవరు’, ‘ఎక్కడ’, ‘ఎప్పుడు’ అని అడిగితే పేరాలోంచి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేస్తారు. ‘ఎందుకు’ అని అడిగితే నా మొహం చూస్తారు. ‘నువ్వయితే ఏం చేసేవాడివి’ అంటే ఇక లేచి మంచినీళ్ళు తాగడానికి వెళ్ళిపోతారు. ఫోన్లొచ్చి పిల్లలు పాడైపోయారని మనం అనేస్తాం గానీ, ఈ జబ్బు ఫోన్ల కంటే చాలా పాతది. దీనికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన పిఠాపురానికీ ఒక వాటా ఉంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో, ఏం చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లకు చెప్పాడు. మన పిఠాపురం జమీందారీ అప్పుడు రాజమహేంద్రవరం జిల్లా కిందే. 1823లో అక్కడి నుంచి వెళ్ళిన లెక్క ప్రకారం జిల్లా మొత్తం మీద 291 బడులు, 2658 మంది పిల్లలు. వాళ్ళలో ఆడపిల్లలు 37 మంది. ముప్ఫై ఏడే! మూడు వేల లోపు పిల్లల్లో ముప్ఫై ఏడు మంది అంటే, ఇప్పుడు మన ఊళ్ళో ఒక్క క్లాసు గదిలో సరిపోతారు.

ఆ లెక్కతో పాటు ఒక పుస్తకాల జాబితా కూడా పంపారు. బడుల్లో వాడే తెలుగు పుస్తకాలు 43. బాల రామాయణం, రుక్మిణీ కల్యాణం, పారిజాతాపహరణం, మొల్ల రామాయణం, దాశరథీ శతకం, కృష్ణ శతకం, సుమతీ శతకం, భాస్కర శతకం, గజేంద్ర మోక్షం, కుచేలోపాఖ్యానం, పావులూరి గణితం... ఇంకా మనుచరిత్ర, వసుచరిత్ర కూడా! అమరం సరేసరి. ఆంధ్రనామసంగ్రహం అని ఇంకోటి ఉంది. అది తెలుగు పదాలకు పర్యాయపదాలు పద్యాల్లో చెప్పే పుస్తకం. అంటే పిల్లలు నిఘంటువును కంఠస్థం చేసేవాళ్ళన్నమాట. ఈ జాబితా మొదటిసారి చూసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది, మరు నిమిషంలో అనుమానం వచ్చింది. మనుచరిత్ర ఎమ్మే వాళ్ళకే కొరుకుడు పడదు. ఇసుకలో అక్షరాలు దిద్దుకుంటున్న పిల్లాడికి ఎంత అర్థమై ఉంటుంది?

ఆ అనుమానం అప్పుడే ఒకాయనకు వచ్చింది. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ అదే 1823లో తన నివేదికలో దీన్నే రాశాడు. ఈ దేశంలో బడి నడిపే పద్ధతిని ఆయన మెచ్చుకున్నాడు. తక్కువ ఖర్చు, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం, ఇసుకలో రాయించడం, ఇవన్నీ బాగున్నాయన్నాడు. కానీ పుస్తకాలన్నీ పద్యాలు, అదీ ఇంట్లో మాట్లాడే భాష కాని భాషలో. పిల్లలు వందల పద్యాలు అప్పజెబుతారు గానీ వాటి అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. పరాయి దొర అన్నాడని మనకు కోపం రావచ్చు. నాకు మాత్రం ఆయన సగం నిజమే చెప్పాడనిపిస్తుంది.

మిగతా సగం ఆయనకు కనపడలేదు. అర్థం చెప్పడం మన దగ్గర లేక కాదు. మన పండితులు వ్యాఖ్యానానికి లక్షణాలు ఎప్పుడో చెప్పుకున్నారు. మొదట పదాలు విడదీయాలి. తర్వాత ఒక్కో పదానికి అర్థం. తర్వాత సమాసాలు విప్పడం. తర్వాత మాటల్ని వాక్యం వరసలో కూర్చుకోవడం, దాన్నే అన్వయం అంటారు. ఆఖరిది ఆక్షేపం, సమాధానం. అంటే ‘ఇలా ఎందుకన్నాడు? ఇది పొసగదే?’ అని అడ్డు ప్రశ్న వేసి, దానికి జవాబు వెతకడం. కాళిదాసు కావ్యాలకు దేశమంతా చదివే వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరి మన తెలుగువాడే, మెదక్ వైపు కొలిచాలమ వాడు. ఇవాళ ఇంగ్లీషు మీడియం టీచర్లు ట్రైనింగుల్లో కొత్తగా నేర్చుకొస్తున్న ‘క్రిటికల్ థింకింగ్’ అంతా ఆ ఐదో లక్షణంలో ఉంది.

మరి ఏమైంది? ఆ విద్య పండితుల ఇళ్ళ అరుగుల మీదే ఉండిపోయింది. వీధి బడిలో పిల్లాడికి పద్యం ఇచ్చారు, అర్థం తర్వాత ఎప్పుడో తెలుస్తుందిలే అన్నారు. చాలామంది ఆ ‘తర్వాత’ దాకా చదవనేలేదు. వడ్డీ లెక్కలు వచ్చేసరికి బడి మాన్పించారు.

ఆడవాళ్ళకు మాత్రం ఇంకో దారి ఉండేది, పురాణ కాలక్షేపం. సాయంత్రం గుళ్ళో ఒకాయన పద్యం చదువుతాడు, ఇంకొకాయన అర్థం చెబుతాడు. వత్తులు చేసుకుంటూ వింటారు మన ముత్తవ్వలు. బడి మొహం చూడని వాళ్ళకు కథలో ఎవరు ఎందుకు ఏం చేశారో తెలిసేది, ఇంటికొచ్చి దాని మీద వాదించుకునేవాళ్ళు కూడా. చదవడం రానివాళ్ళకు అర్థం తెలుసు. చదివే పిల్లలకు అర్థం తెలియదు. విచిత్రంగా లేదూ!

అప్పట్లో రాజమహేంద్రవరం, మచిలీపట్నాల్లో ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ ఈ చిక్కును తనే అనుభవించాడు. తెలుగు నేర్చుకుందామంటే కావ్యాలు ఉన్నాయి, వాటిని విప్పి చెప్పే పుస్తకాలు లేవు. సొంత జీతంలోంచి పండితులకు డబ్బిచ్చి వ్యాఖ్యానాలు రాయించాడు. వసుచరిత్రకు, మనుచరిత్రకు జూలూరి అప్పయ్య పంతులు చేత రాయించినవి అలాంటివే. తనకు అర్థం కానిది అర్థం కాలేదని ఒప్పుకుని అడిగినవాడు కాబట్టి ఆయన వల్ల మనకింత మేలు జరిగింది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, పరీక్షలు వచ్చాయి. వ్యాఖ్యానంలోని ఐదు లక్షణాల్లో పరీక్షకు పనికొచ్చేవి ఏవో ఆలోచించండి. పదవిభాగం, ప్రతిపదార్థం, సమాసాలు, తాత్పర్యం. ఇవన్నీ నోట్సులో రాయించవచ్చు, బట్టీ పట్టించవచ్చు, మార్కులు వేయవచ్చు. ఐదోదానికి నోట్సు ఉండదు. పిల్లాడి అడ్డు ప్రశ్నకు మార్కులు ఎలా వేస్తారు? అది మెల్లగా జారిపోయింది. తాత్పర్యం కూడా ఇంకో పద్యంలాగే అయి కూర్చుంది, దాన్నీ అప్పజెప్పడమే. మనమూ అలాగే చదివాం. ‘ఈ వాక్యము ఫలానా కవి రచించిన ఫలానా గ్రంథము నుండి గ్రహింపబడినది’ అని మొదలుపెట్టి చెయ్యి ఆగకుండా రాసేవాళ్ళం గుర్తుందా? ఆ వాక్యం ఎవరన్నారో తప్ప ఎందుకన్నారో మనల్ని ఎవరూ అడగలేదు.

1906లో ఉత్తర సర్కారు జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా జె.ఎ. యేట్స్ అనే ఆయన వచ్చాడు. పాఠాల్లో ఉన్న తెలుగు, జనం మాట్లాడే తెలుగు వేరువేరుగా ఎందుకున్నాయని మన పంతుళ్ళను అడిగాడు. చిన్న ప్రశ్నే. దాని మీద గిడుగు రామమూర్తి గారు, గురజాడ అప్పారావు గారు, విశాఖపట్నం కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు కలిసి పెద్ద ఉద్యమమే నడిపారు. గిడుగు వారికి ఇది పుస్తకాల గొడవ కాదు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషి. సవర పిల్లలకు తెలుగులో చెబితే అర్థం కావడం లేదని సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి బడి పెట్టినవాడు. అర్థం కాని భాషలో చదువు చెప్పడం ఎంత అన్యాయమో ఆయనకు పిల్లల మొహాల్లో కనపడింది.

అవతలి పక్షం పెద్ద మనిషి జయంతి రామయ్య పంతులు గారు, మన కోనసీమ ముక్తేశ్వరం వారు. వాడుక భాషను బడుల్లోకి రానిస్తే పిల్లలు కావ్యాలకు దూరమైపోతారని, ఊరికో తెలుగు తయారవుతుందని ఆయన భయం. ఆ భయం పూర్తిగా ఉత్తదని నేననను. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు. పరీక్షల్లో ఏ తెలుగు రాయాలో తేల్చడానికి వేసిన కమిటీలో గురజాడ వారు 1914లో తన అసమ్మతిని ఒక పుస్తకమంత రాసిచ్చారు. అయినా ఆ విడత గెలుపు గ్రాంథికానిదే. మరుసటి ఏడే గురజాడ పోయారు. 1919లో గిడుగు వారు, కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా రాజమండ్రిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టారు. ఆ ఏడాది మే నెలలో కందుకూరి వారూ వెళ్ళిపోయారు. గిడుగు మిగిలారు, పోరాడుతూనే ఉన్నారు.

ఇక మన ఊరి సంగతి. పిఠాపురం మహారాజు రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు గారు (1885–1964) ఈ రెండు పక్షాల్లో గ్రాంథికం వైపు నిలబడ్డవారికి అండగా ఉన్నారు. పరిషత్తు తలపెట్టిన పెద్ద నిఘంటువుకు ఖర్చంతా ఆయన భరించారు. అదే శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు. మొదటి సంపుటం 1936లో వచ్చింది. మొత్తం ఎనిమిది. చివరి సంపుటాలు వచ్చేసరికి జమీందారీలే లేవు, రాష్ట్ర సాహిత్య అకాడమీ వాటిని పూర్తిచేయించింది. కాకినాడలో పి.ఆర్. కాలేజీ ఆ సంస్థానం పేరు మీద ఉన్నదే. రఘుపతి వేంకటరత్నం నాయుడు గారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో అక్కడ ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారు. 37 మంది లెక్క చదివాక ఈ ముక్క చదివితే కాస్త ఊపిరి ఆడుతుంది.

సూర్యరాయాంధ్రంలో ఒక గొప్ప గుణం, ఒక పెద్ద లోటు. గొప్ప గుణమేమిటంటే మాటకు అర్థం ఇచ్చి ఊరుకోదు. ఏ కవి ఏ చోట ఆ మాటను ఎలా వాడాడో ప్రయోగం చూపిస్తుంది. ఒకే మాట నాలుగు చోట్ల నాలుగు రకాలుగా పలకడం అక్కడ చూడవచ్చు. లోటేమిటంటే కావ్యాల్లో ఉన్న మాటలకే పెద్ద పీట వేశారు. మనం రోజూ వంటింట్లో, పొలంలో, రేవులో వాడే మాటలకు చోటు దొరకలేదు. గిడుగు వారు ఈ నిఘంటువును గట్టిగా విమర్శించింది అందుకే. నేనైతే ఇద్దరికీ దణ్ణం పెడతాను. ఇప్పుడు ఆంధ్రభారతి వారి సైట్లో ఆ నిఘంటువు ఫోనులోనే వెతుక్కోవచ్చు. మా వరండా పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే: ముందు వాక్యం మొత్తం చదివి ఆ మాటకు అర్థం ఏమై ఉంటుందో ఊహించి చెప్పాలి, ఆ తర్వాతే నిఘంటువు. మన ఊరి రాజుగారు పెట్టిన ఖర్చు అని చెబితే వాళ్ళకో సరదా. ఊహ కలిసిన రోజు వాళ్ళ మొహాలు చూడాలి.

ఇదంతా నేను ఎందుకు ఇంతగా పట్టించుకుంటానంటే, మా అమ్మమ్మ. ఆవిడకు భాగవతంలో దశమ స్కంధం దాదాపు నోటికొచ్చు. చదవడం వచ్చు, చక్కగా సంతకం చేయడం వచ్చు. వాళ్ళ నాన్న పోయాక పుట్టింటివాళ్ళు ఒక కాగితం తెచ్చారు. 1956 చట్టం తర్వాత సంగతి, తండ్రి ఆస్తిలో కూతురికీ వాటా ఉంది అప్పటికి. ఆవిడ ఆ కాగితాన్ని పైనుంచి కింద దాకా, అందరూ వినేలా, తడబడకుండా చదివిందిట. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆ చదివిన సంగతి గర్వంగానే చెప్పేది. చదివి సంతకం పెట్టింది. అది హక్కు విడుదల దస్తావేజు. ‘సదరు’, ‘దఖలు’, ‘నాకు గాని నా వారసులకు గాని’ అని అన్నీ తెలిసిన అక్షరాలే, కూడబలుక్కోనక్కర్లేని మాటలే. వాటన్నిటినీ కలిపితే ఎకరంన్నర కొబ్బరితోట పోతోందని ఆ చదువులో లేదు. ‘ఇలా ఎందుకు రాశారు?’ అని అడగడం ఆవిడకెవరూ నేర్పలేదు, పెద్దల ముందు అడగడం మర్యాద కాదనీ నేర్పారు.

అందుకే మా వరండాలో పద్యం ఎంత వచ్చిందన్నది నేను అడగను. 1823 నాటి ఆ జాబితాలోని కథలే తీసుకుంటాను, అవెలాగూ పాఠ్యపుస్తకాల్లో ఏదో ఒక తరగతిలో వస్తూనే ఉంటాయి. కుచేలుడి కథలో స్నేహం గొప్పదని అందరూ రాస్తారు. మరి ద్వారకకు వెళ్ళమన్న ఆలోచన ఎవరిది? ఆయన భార్యది. అటుకులు కొంగున ముడి వేసిందీ ఆవిడే. ఆవిడ మీద ప్రశ్న ఏ పరీక్షలోనూ నేను చూడలేదు. పిల్లల్ని అడిగితే మొదట ‘పేదరికం వల్ల పంపింది’ అన్నారు. ఇంకాస్త తవ్వితే, ‘ఆయన తనంతట తను అడగడని ఆవిడకు తెలుసు, అందుకే అడగమనలేదు, చూసి రమ్మంది’ అని ఆరో తరగతి పిల్లాడు చెప్పాడు. అంతకంటే మంచి జవాబు నా దగ్గరా లేదు.

రుక్మిణి సందేశం ఇంకా బాగుంటుంది ఈ పనికి. అగ్నిద్యోతనుడి చేత ఆవిడ పంపింది ప్రేమలేఖ అనుకుంటాం. జాగ్రత్తగా చదివితే అందులో ఒక పూర్తి పథకం ఉంది. అంతఃపురంలో ఉన్నదాన్ని బంధువుల్ని చంపకుండా ఎలా తీసుకెళ్ళాలని నువ్వు అడగొచ్చు అని, ఆ ప్రశ్న అతని తరఫున తనే వేసుకుంది. పెళ్ళికి ముందు ఊరి బయట అమ్మవారి గుడికి వెళ్ళే ఆచారముంది, అక్కడికి రా అని తనే జవాబిచ్చింది. ఆక్షేపం, సమాధానం! పండితుల ఐదో లక్షణం ఒక పెళ్ళికాని పిల్ల ఉత్తరంలో ఉంది.

వచనం కావాలంటే మన పిఠాపురం ఆస్థానంలోనే ఉన్న పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’ ఉండనే ఉంది. ఇంగ్లీషులో ఎడిసన్, స్టీల్ నడిపిన ‘స్పెక్టేటర్’ చూసి ఆయన మొదలుపెట్టిన వ్యాసాలవి. జంఘాలశాస్త్రి ఉపన్యాసం పిల్లలకు ఇస్తే మొదట అక్షరాలా నమ్మేస్తారు. ఈయన ఒకటి పొగుడుతున్నట్టు ఉండి తిడుతున్నాడని పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. పట్టుకున్నాక మాత్రం ఇంట్లో వాళ్ళ మీద ప్రయోగించడం మొదలుపెట్టారు. ‘ఆహా, మా అమ్మ వండిన ఉప్మా!’ అని ఒకడన్నాడట. వాళ్ళమ్మ నా మీదకొచ్చింది.

బజారులో గైడ్లు ఇప్పుడు అపరిచిత గద్యాలకు కూడా వచ్చేశాయి. వంద పేరాలు, వాటికి జవాబులు. అవి బట్టీ పట్టిస్తున్న ఇళ్ళూ ఉన్నాయి. ఎప్పుడూ చూడని పేరా అన్నదాన్ని ముందే చూపించేస్తే అది ఇంక అపరిచితం ఎలా అవుతుందో నాకు తెలియదు. మీ ఇంట్లో అలాంటి గైడు ఉంటే ఒక పని చేయండి. జవాబుల పేజీలు చించక్కర్లేదు గానీ, పిన్ను కొట్టేయండి. పేరా చదివించి పిల్లల చేతే ప్రశ్నలు రాయించండి. వాటిలో ఒక్కటైనా ‘ఎందుకు’తో ఉండాలనండి. మీకు జవాబు రాకపోతే మరీ మంచిది, ఇద్దరూ వెతుకుతారు. పక్కన దినపత్రికో, కరెంటు బిల్లు వెనక నిబంధనలో, గ్రూపు లోను కాగితమో పెట్టినా ఇదే పని జరుగుతుంది.

మొన్న గజేంద్ర మోక్షం చదువుతున్నాం. ఎదురింటి ఎనిమిదో తరగతి పిల్ల హఠాత్తుగా, ‘మొసలి పట్టుకున్నప్పుడు మిగతా ఆడ ఏనుగులన్నీ ఏం చేస్తున్నాయి?’ అంది. పుస్తకంలోనే ఉంది చూడమన్నాను. వెతికింది. ఆయన్నొక్కణ్ణీ వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాక, చూస్తూ నిలబడ్డాయని పోతన గారు చెప్పారు. భార్యలకు భర్తల మీద ఉండే అనురాగం అలాంటిదని ఆయనే ఒక మాట కలిపారు కూడా. ఆ పిల్లకు ఆ జవాబు ఆనలేదు. ‘అన్ని ఏనుగులుండి నిలబడి చూడటమేంటండీ, తలో కాస్త పట్టి లాగొచ్చుగా?’ అంది. మా వాడు, ‘నీళ్ళలో దిగితే వాటినీ పట్టుకుంటుంది’ అన్నాడు. ‘మొసలి ఒకటేగా, ఎన్నింటిని పట్టుకుంటుంది?’ అని ఈ పిల్ల. చీకటి పడింది, దోమలొచ్చాయి, వాళ్ళమ్మ గేటు దగ్గర నిలబడి పిలుస్తోంది. ఇద్దరూ లేవలేదు.